కంటిలో పువ్వు

ప్రవేశిక

పూచిన ప్రతి పువ్వూ కంటికి ఇంపుగా ఉంటుంది. కంటిలోనే పూచే పువ్వు మాత్రం చూపును హరిస్తుంది. ఆ పువ్వును తొలగించే శస్త్రచికిత్సలో నిపుణతను సంపాదించి, అమెరికాలో స్థిరపడిన ఉద్యోగాన్ని విడిచి స్వరాష్ట్రానికి తిరిగివచ్చిన నేత్రవైద్యుడు డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు. ఆయన వృత్తిజీవితాన్నీ, ఆయన నేర్పు స్వరూపాన్నీ, ఆ నేర్పుకు ఉన్న హద్దులనూ ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

నూజివీడు ప్రాంతంలో సంవత్సరానికి రెండు కాలాలు ముఖ్యమైనవి. ఒకటి మామిడి పూతకాలం, రెండవది కోతకాలం. మార్గశిర పుష్యమాసాలలో తోటలన్నీ పూతతో నిండుతాయి. పూత నిలిచిందా, మంచుకు మాడిందా అన్నది ఆ ఏటి రైతు బ్రతుకును నిర్ణయిస్తుంది. వేసవి రాగానే బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయలతో బండ్లు, లారీలు కదులుతాయి. చిక్కంకర్ర చేతబట్టి తల పైకెత్తి కాయకోసే కూలీలు తెల్లవారకముందే తోటలలో ఉంటారు. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలోనూ, నాటినుండి ఏలూరు జిల్లాలోనూ ఉన్న ఈ సీమ పేరు చెప్పగానే తెలుగువారి నాలుకకు తీపి తగులుతుంది.

అయితే కోతకాలంలో మరొక సంఘటన కూడ జరుగుతుంటుంది. దానిని గురించి ఎవరూ అంతగా చెప్పుకోరు. పైకి చూస్తూ కాయ కోస్తున్నవాని కంటిలో ఎండుపుల్ల గీచుకొంటుంది. ఒక్కొక్కప్పుడు తొడిమనుండి చిమ్మిన సొన పడుతుంది. నలుసు పడిందనుకొని అతడు కన్ను నులుముకొంటాడు. సాయంకాలానికి కన్ను ఎర్రబడుతుంది. ఇంటిలో పెద్దవారు ఏదో ఆకుపసరు పిండుతారు, లేదా ఆముదపు చుక్క వేస్తారు. నాలుగు రోజులకు నల్లగుడ్డుమీద తెల్లని మచ్చ కనిపిస్తుంది. అది క్రమంగా పెరిగి, పుండై, మానినప్పటికీ మచ్చగా మిగిలిపోతుంది. ‘కంటిలో పువ్వు వేసింది’ అని ఊరిలో అంటారు. మన భాష ఎంతటి బాధకైనా ఒక సుకుమారమైన పేరు పెట్టగలదు. కాని ఆ పువ్వు పూచిన కంటికి ఎదుటి మనిషి ముఖం నీడవలె మాత్రమే తోస్తుంది.

ఆ మచ్చ ఏర్పడే పొరకు కార్నియా అని పేరు. పాఠశాల విజ్ఞానశాస్త్ర గ్రంథాలలో దీనిని శుక్లపటలం అని వ్యవహరించారు. జనవ్యవహారంలో ‘శుక్లం’ అనే మాట కంటి లోపలి కటకం మసకబారడానికి వాడుకలో ఉంది. ఈ రెండు పేర్ల పోలిక వలన పొరపాటు కలుగుతుంది గనుక ఇక్కడ కార్నియా అన్న మాటనే వాడడం ఉచితం. శుక్లం వచ్చినప్పుడు మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకాన్ని అమర్చుతారు. ఆ కటకాన్ని కర్మాగారంలో తయారు చేయవచ్చు. కార్నియా చెడినప్పుడు దాని స్థానంలో ఉంచదగినది సాధారణంగా మరొక మనిషి కార్నియా మాత్రమే. ఈ భేదంలోనే కథంతా ఉంది.

కార్నియా కంటి ముందుభాగంలో గడియారపు అద్దంవలె ఉండే పారదర్శకమైన పొర. దాని వెడల్పు పదకొండు, పన్నెండు మిల్లీమీటర్లు. నడిమి మందం సుమారు అర మిల్లీమీటరు. దానిలో రక్తనాళాలు లేవు. కావలసిన ప్రాణవాయువును అది ముఖ్యంగా కన్నీటి పొర ద్వారా గాలినుండి గ్రహిస్తుంది. రక్తం లేనందువల్లనే అది అద్దంవలె తేటగా ఉంటుంది; ఇతర అవయవాలతో పోల్చినప్పుడు పరాయి కార్నియాను శరీరం కొంత సులభంగా అంగీకరించడానికి కూడ అదే ముఖ్యకారణం. ఈ పొర లోపలి అంచున ఒకే వరుసగా అమరిన కణాలుంటాయి. అవి తేనెపట్టు గదులవలె ఆరు మూలలు కలిగి ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. కంటి లోపలి ద్రవం నిరంతరం కార్నియాలోకి ఊరుతుంటే, ఆ కణాలు నిరంతరం ఆ నీటిని వెలుపలికి తోడిపోస్తుంటాయి. తోడేవారు అలసిపోతే కార్నియా ఉబ్బి మసకబారుతుంది. మనిషిలో ఈ కణాలు ఒకసారి నశిస్తే వాటి స్థానంలో కొత్తవి దాదాపుగా పుట్టవు; మిగిలినవే సాగి ఖాళీని పూరించవలసి ఉంటుంది.

ఈ కణాల వరుసయే డాక్టర్ నాగేశ్వరరావు తొలి పరిశోధనలకు విషయమైనది.

ఆయన 1945లో కృష్ణా జిల్లాలో జన్మించారు. విజయవాడనుండి బందరు వెళ్లే దారిలో ఉన్న ఈడుపుగల్లు ఆయన చదువుకొన్న ఊరు. విజయవాడలోని ఆంధ్ర లయోలా కళాశాలలో చదివి, గుంటూరు వైద్య కళాశాలలో వైద్యవిద్యను పూర్తి చేశారు. నేత్రవైద్యంలో ఉన్నత శిక్షణను ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పొందారు. 1974లో అమెరికాకు వెళ్లి, మొదట బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ, అనంతరం రోచెస్టర్ విశ్వవిద్యాలయంలోనూ కార్నియా వ్యాధులలో ప్రత్యేక శిక్షణ పొందారు. రోచెస్టర్‌లోనే అధ్యాపకులై 1986 వరకు కొనసాగారు.

ఆ రోజులలో సజీవమైన కంటిలోని లోపలి కణాలను నేరుగా చూచి లెక్కించగల సూక్ష్మదర్శిని కొత్తగా వాడుకలోకి వచ్చింది. చదరపు మిల్లీమీటరుకు ఎన్ని కణాలున్నాయన్నదే అప్పటి వైద్యుల ప్రధానమైన ప్రశ్న. నాగేశ్వరరావు, ఆయన సహచరుడు జేమ్స్ అక్వవెల్లా, మరికొందరు ఆ ప్రశ్నతో తృప్తి చెందలేదు. కణాల సంఖ్య ఒక్కటే చాలదని, వాటి పరిమాణంలోనూ ఆకారంలోనూ ఉన్న తేడాలను కూడ గమనించాలని వారి పరిశోధన వ్యాసాలు సూచించాయి. సంఖ్య తగినంత ఉన్నా ఆకారం చెదిరిన కణాలు గల కన్ను శస్త్రచికిత్స తాకిడికి తట్టుకోలేక పోవచ్చు. ఒక ఊరిలో ఎందరున్నారన్నది తెలిసినంత మాత్రాన ఊరి బలం తెలియదు గదా! వారిలో పనిచేయగల స్థితిలో ఎందరున్నారన్నది కూడ తెలియాలి. శస్త్రచికిత్సకు ముందే కంటి బలాబలాలను అంచనా వేయడం ఈ పరిశీలనల వలన మరింత సూక్ష్మమైనది.

ఇక ఆ శస్త్రచికిత్స ఎట్లా జరుగుతుందో తెలుసుకోవలసి ఉంది. దాత కార్నియానుండి ఏడున్నర, ఎనిమిది మిల్లీమీటర్ల వ్యాసం గల గుండ్రని ముక్కను గుండ్రటి కత్తితో కోసి సిద్ధం చేస్తారు. రోగి కంటిలో మచ్చ పడిన భాగాన్ని అంతకంటె ఒక వెంట్రుకవాసి చిన్నదిగా కోసి తొలగిస్తారు. ఆ క్షణంలో కన్ను తెరచిన కుండవలె ఉంటుంది. రోగి దగ్గినా, కంటి లోపలి ఒత్తిడి పెరిగినా ప్రమాదమే. వెంటనే కొత్త ముక్కను అమర్చి, నాలుగు దిక్కులా నాలుగు కుట్లు వేసి నిలుపుతారు. తరువాత చుట్టూ మొత్తం పదహారు కుట్లు వేయడం ఒక పరిపాటి. ఆ దారం మందం తలవెంట్రుకలో సుమారు మూడవ వంతు. ఒక కుట్టు బిగువైతే కార్నియా ఒకవైపు లాగుకొని, చూపు వంకరపోతుంది. వదులైతే ద్రవం కారుతుంది. ఈ పని అంతా సూక్ష్మదర్శిని క్రింద, ఊపిరి బిగపట్టినంత నిలకడతో జరగాలి. చేతి నేర్పు అనగానే వేగం గుర్తుకు వస్తుంది. కార్నియా వైద్యంలో మాత్రం సమమైన బిగువే నేర్పు.

ఈ చికిత్సకు నూరేండ్లకు మించిన చరిత్ర ఉంది. 1905 డిసెంబరులో, నేటి చెక్ దేశంలోని ఒలోమౌట్స్ పట్టణంలో, ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు సున్నం పడి రెండు కన్నులూ చెడిన ఒక కూలీకి తొలిసారిగా విజయవంతంగా కార్నియాను అమర్చాడు. గాయంవల్ల తీసివేయక తప్పని ఒక బాలుని కన్ను ఆనాడు దానమైనది. ఒక కన్నులోని కార్నియా నిలిచింది. ఆ కూలీ తిరిగి పనిలోకి వెళ్లగలిగాడు. ఆ తరువాత సుమారు మూడు దశాబ్దాలకు, మరణించినవారి కార్నియాలు కూడ పనికివస్తాయని రష్యన్ వైద్యుడు ఫిలాతోవ్ నిరూపించాడు. అప్పటినుండి ఈ వైద్యం దానంమీద ఆధారపడిన వైద్యమైనది.

1986లో నాగేశ్వరరావు భారతదేశానికి తిరిగి రావడానికి నిశ్చయించుకొన్నారు. అప్పటికి ఆయన వయస్సు నలభై దాటింది. వేళ్లూనిన వృత్తిని పెకలించుకొని రావడానికి అది తేలికైన వయస్సు కాదు. కావలసిన పరికరాలు, పరిశోధనశాల, శిక్షణ పొందిన సిబ్బంది అక్కడ సిద్ధంగా ఉన్నాయి. ఇక్కడ అన్నీ సమకూర్చుకోవాలి. అయితే కార్నియా అంధత్వం అమెరికాలో కంటె ఇక్కడ ఎంతో అధికం. వ్యాధి ఎక్కడ ఉన్నదో వైద్యుడు అక్కడ ఉండడం సహజమని ఎవరైనా అనవచ్చు. ఆచరణలో అది అరుదుగానే జరుగుతుంది.

హైదరాబాదులో తలపెట్టిన నేత్రవైద్య సంస్థకు ఆసరాగా నిలిచినవారు చలనచిత్ర దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్. ఆయనది నేటి ఏలూరు జిల్లాలోని దెందులూరు దగ్గరి సోమవరప్పాడు. ‘షావుకారు’, ‘మిస్సమ్మ’ వంటి చిత్రాల ద్వారా తెలుగువారి కన్నులకు విందుచేసిన ఆ పెద్దమనిషి బంజారాహిల్స్‌లో ఐదు ఎకరాల స్థలాన్ని, కోటి రూపాయల ధనాన్ని విరాళంగా ఇచ్చారు. 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఆరంభమైనది. రోగులలో సగం మందికి ఉచితంగా వైద్యం చేయడం ఆ సంస్థ అవలంబించిన పద్ధతి. చెల్లించగలవారినుండి వచ్చిన ఆదాయం, దాతల విరాళాలు చెల్లించలేనివారి వ్యయాన్ని భరిస్తాయి.

కార్నియా మార్పిడికి మొదట కార్నియా కావాలి. 1989లో సంస్థకు అనుబంధంగా రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి ఏర్పడింది. సాధారణంగా మరణించిన ఆరు గంటలలోపు కార్నియాను సేకరించాలి. సేకరించిన దానిని ప్రత్యేకమైన పోషక ద్రవంలో, నాలుగు డిగ్రీల చల్లదనంలో సుమారు నాలుగు రోజులవరకు నిలువ ఉంచవచ్చు. ఈ నాలుగు రోజుల వ్యవధి చిన్నదిగా కనిపించినా, అర్ధరాత్రి లభించిన కార్నియాకోసం రోగిని పరుగులు పెట్టించే అవస్థను తప్పించినది అదే. ఆ వ్యవధిలోనే దాత రక్తాన్ని పరీక్షించవచ్చు, కణాలను లెక్కించవచ్చు, తగిన రోగిని పిలిపించవచ్చు. దాతను ఎవరు అడగాలన్నది మరొక సమస్య. ప్రతిజ్ఞాపత్రాలపై సంతకాలు చేసేవారు ఎందరో ఉంటారు. మరణించిన రోజున ఆ సంగతి ఇంటివారికి గుర్తుండదు. అందువల్ల పెద్ద ఆసుపత్రులలో శిక్షణ పొందిన సలహాదారులు దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని కలిసి, ఓదార్చి, నేత్రదానాన్ని గురించి సౌమ్యంగా అడిగే పద్ధతిని నేత్రనిధులు అనుసరించాయి. సేకరణ పెరగడానికి ఈ పద్ధతి ఎంతో తోడ్పడింది. ముఖం వికృతమవుతుందన్న భయానికి ఆధారం లేదు. దాతకు శుక్లం శస్త్రచికిత్స జరిగి ఉన్నా, కళ్లద్దాలు వాడినా, వయస్సు మళ్లినా దానానికి ఆటంకం కాదు.

ఈ సంస్థలో జరిగిన కార్నియా మార్పిడులు కాలక్రమంలో 50 వేలు దాటాయి. ఈ అంకె గొప్పదే. అయినా నాగేశ్వరరావు వృత్తిజీవితంలో ఇంతకంటె గమనింపదగిన అంకెలు వేరే ఉన్నాయి. వాటిలో గొప్ప కనిపించదు. 1997లో ఆయన, ఆయన సహచరులు తమ సంస్థలో తొలి సంవత్సరాలలో జరిగిన మార్పిడుల ఫలితాలను ఒక బ్రిటిష్ నేత్రవైద్య పత్రికలో ప్రకటించారు. ఒక సంవత్సరం తరువాత నూటికి సుమారు 80 కార్నియాలు తేటగా నిలిచాయి. రెండేండ్లకు ఆ సంఖ్య 69కి తగ్గింది. ఐదేండ్లకు నూటికి 47 కూడ నిండలేదు. అనగా సగానికంటె ఎక్కువ విఫలమైనవి! అన్ని కన్నులూ ఒక్క తీరున లేవు. కార్నియా శంకువువలె ముందుకు పొడుచుకొని వచ్చే వ్యాధిలో ఐదేండ్లకు కూడ నూటికి 95 నిలిచాయి. ఒకసారి విఫలమైన కంటికి మళ్లీ అమర్చినవాటిలో నూటికి 21 మాత్రమే నిలిచాయి.

ఇటువంటి ఫలితాలను దాచిపెట్టుకోవడం ఏ వైద్యునికైనా సులభం. విజయాలను మాత్రమే చెప్పుకొంటే విరాళాలు పెరుగుతాయి, పేరు పెరుగుతుంది. వీరు దాచలేదు. పైగా ఆ అంకెలు ఏమి చెపుతున్నాయో తరచి చూచారు. కార్నియా మార్పిడి జరిగిన రోజుతో చికిత్స ముగియదు. నెలల తరబడి చుక్కల మందులు వేయాలి. కుట్లు వదులైతే తీయించుకోవాలి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు తగ్గినా శరీరం కొత్త కార్నియాను తిరస్కరిస్తున్నదని అనుమానించి ఆ రోజే వైద్యుని చేరాలి. దూరగ్రామంలోని కూలీ ఏమి చేయగలడు? ఒక దినపు కూలి, బస్సు ఖర్చు, తోడువచ్చే మనిషి కూలి, ఇవన్నీ లెక్కచూచుకొని ‘వచ్చేవారం వెళదాం’ అనుకొంటాడు. ఆ వచ్చేవారంలోపల కార్నియా మసకబారుతుంది. శస్త్రవైద్యుని చేయి ఎంత నిపుణమైనదైనా ఆ చేయి చేరలేని దూరం ఒకటి ఉన్నది.

కొన్ని కన్నులకు కార్నియా మార్పిడి అసలు పనికిరాదు. సున్నం, ఆమ్లం వంటివి పడి కాలిన కంటిలో కార్నియా అంచున ఉండే మూలకణాలు నశిస్తాయి. కార్నియా పైపొరను నిత్యం పునరుద్ధరించేవి అవే. అవి లేనిచోట ఎంత మంచి కార్నియాను అమర్చినా నిలువదు. ఈ సంస్థలోని వీరేందర్ సంగ్వాన్ మొదలైన వైద్యులు 2001నుండి ఆరోగ్యంగా ఉన్న రెండవ కంటి అంచునుండి చిన్న ముక్క తీసి, పరిశోధనశాలలో పెంచి, చెడిన కంటిపై పరచే చికిత్సను చేపట్టారు. 2012లో మరింత సరళమైన పద్ధతిని ప్రకటించారు. అందులో ఆ చిన్న ముక్కను మరీ చిన్న తునకలుగా చేసి నేరుగా కంటిపైనే నాటుతారు. పరిశోధనశాల అవసరం లేదు. నారు పోసి నాటడానికీ, విత్తనాలు వెదజల్లడానికీ గల భేదం వంటిది ఇది.

దూరాన్ని గురించి తలెత్తిన ప్రశ్నకు సమాధానం శస్త్రచికిత్సాగారంలో దొరకలేదు. అందుకు మొదట వాస్తవస్థితి తెలియాలి. 1996నుండి 2000 వరకు హైదరాబాదు నగరంలోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలలోనూ ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేక్షణ జరిగింది. పసిపిల్లలు మొదలు వృద్ధుల వరకు 10,293 మందిని వైద్యబృందం పరీక్షించింది. నూటికి 1.84 మంది అంధులని తేలింది. అంధత్వ కారణాలలో శుక్లాల వంతు 44 శాతం. ఇందులో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం కలిగించినది రెండవ కారణం. అంధులలో 16 శాతం మంది, అనగా ఆరుగురిలో ఒకరు, చూపులోని దోషాన్ని సరిదిద్దుకోనందువల్లనే అంధులుగా ఉన్నారు. వారిలో అనేకులకు కత్తి అక్కరలేదు, కార్నియా అక్కరలేదు. ఒక జత కళ్లద్దాలు చాలు. ఒక గుడ్డివానిని చేయిపట్టి నడిపించే మనుమడు బడి మానుకొన్న ఇల్లు ఏదైనా ఉంటే, ఆ ఇంటికి కావలసినది కళ్లద్దాల దుకాణమేమో! ఈ విషయం చదివినప్పుడు జాలికంటె ముందు సిగ్గు కలుగుతుంది.

ఈ జ్ఞానంనుండి ఒక పిరమిడ్ వంటి ఏర్పాటు రూపుదిద్దుకొన్నది. అడుగున గ్రామస్థాయిలో ఐదువేల జనాభాకు ఒక నేత్రసంరక్షకుడు. ఆపైన యాభైవేల మందికి ఒక దృష్టికేంద్రం. దానిపైన ఐదునుండి పది లక్షల మందికి శుక్లం శస్త్రచికిత్సలు జరిగే ద్వితీయశ్రేణి ఆసుపత్రి. ఇంకా పైన శిక్షణ కేంద్రాలుగా కూడ పనిచేసే పెద్ద ఆసుపత్రులు. శిఖరాన హైదరాబాదులోని ప్రధాన సంస్థ. ద్వితీయశ్రేణి ఆసుపత్రులలో మొదటిది 1996లో అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని ముధోల్‌లో వెలసింది. రాజధానికి దూరంగా, వైద్యులు సాధారణంగా వెళ్లడానికి ఇష్టపడని చోటును ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాదు. 2006లో విశాఖపట్నం, భువనేశ్వర్‌లలోనూ, 2011లో విజయవాడ చెంత తాడిగడపలోనూ పెద్ద ఆసుపత్రులు ఏర్పడినాయి. తాడిగడప కూడ బందరు దారిలోనిదే; ఈడుపుగల్లుకు పొరుగు. దృష్టికేంద్రాల సంఖ్య రెండు వందలు దాటినది.

ఈ ఏర్పాటులో విద్యార్థులు ప్రత్యేకంగా గమనింపదగిన విషయమొకటి ఉన్నది. దృష్టికేంద్రాన్ని నడిపేది వైద్యుడు కాదు. ఇంటర్మీడియట్ స్థాయి చదువు పూర్తిచేసి, ఒక సంవత్సరం శిక్షణ పొందిన స్థానిక యువకుడో యువతియో నడుపుతారు. వారు చూపును కొలుస్తారు, కళ్లద్దాలు నిర్ణయిస్తారు, కంటిని పరికరంతో పరీక్షించి, తమకు మించిన వ్యాధిని గుర్తించి పై ఆసుపత్రికి పంపుతారు. తనకు తెలియనిదేదో గుర్తించడమే ఆ శిక్షణలో కష్టమైన భాగమని చెప్పవచ్చు. పెద్ద చదువులు చదివినవారికి కూడ అది అంత సులభంగా అలవడదు.

ఈ అనుభవం నాగేశ్వరరావును దేశం వెలుపలి బాధ్యతలకు కూడ తీసుకొనిపోయింది. నివారింపదగిన అంధత్వాన్ని తొలగించడానికి 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ అంధత్వ నివారణ సంస్థ కలిసి ‘విజన్ 2020’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు ఆయన ఆ రెండవ సంస్థకు ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు, తరువాత అధ్యక్షులైనారు. 2002లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది.

తిరిగి మామిడితోటకు వస్తే, ఆ పుల్ల గీచుకొన్న కన్ను ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నది. అటువంటి కంటి గతిని గురించి కూడ ఈ సంస్థ పరిశోధకులు లెక్కలు వ్రాసి ఉంచారు. 1991నుండి 2000 వరకు వారు నిర్ధారించిన బూజుజాతి కార్నియా పుండ్లు 1,300కు పైగా ఉన్నాయి. వాటిలో సగానికి పైగా కంటికి దెబ్బ తగిలిన తరువాత వచ్చినవే. రోగులలో అధికులు పదహారు నుండి యాభై యేండ్లలోపు, కుటుంబాన్ని పోషించవలసిన వయస్సులోనివారు. చెట్టుపుల్ల, వరికంకి, చెరకు ఆకు వంటివి గీచినప్పుడు వాటిమీది బూజుకణాలు గాయంలో చేరుతాయి. పసరు పోస్తే మరికొన్ని చేరుతాయి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొన్న చుక్కలలో స్టెరాయిడ్ ఉంటే మరీ ప్రమాదం. ఎరుపు తగ్గి, నొప్పి తగ్గి, మేలు కలిగినట్లే తోస్తుంది. లోపల మాత్రం బూజు నిరాటంకంగా ప్రాకుతుంది.

పిల్లల కన్నులలో పువ్వుకు మరొక కారణం కలదు. ఏ విటమిన్ లోపించి, దానికి తట్టువంటి జబ్బు తోడైతే, కార్నియా కొద్ది రోజులలోనే మెత్తబడి కరిగిపోతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో పిల్లలకు ఆరునెలలకొకసారి ఏ విటమిన్‌ను అధికమోతాదులో ఇచ్చే పథకం దేశంలో ఆరంభమైనది. దానివల్లనూ, తట్టు టీకా వల్లనూ ఈ వ్యాధి బాగా తగ్గింది. ఆకుకూరలు, బొప్పాయి, పండిన మామిడి ఈ విటమిన్‌కు మూలమైన పదార్థాన్ని ఇస్తాయి. తోటలో కాసిన మేలిరకం పండ్లన్నీ లారీ ఎక్కి నగరానికి పోతే, కోసినవాని పిల్లలకు రాలుకాయలైనా దక్కుతాయా అన్నది వైద్యశాస్త్రానికి చెందని ప్రశ్న. అయినా కంటికి చెందిన ప్రశ్నే.

గీతపడిన కంటికి ఎంత త్వరగా మందు అందాలో నేపాల్‌లోని భక్తపూర్‌లో జరిగిన ఒక అధ్యయనం తెలిపింది. 2001లో ప్రకటించిన ఆ అధ్యయనంలో గ్రామకార్యకర్తలు కార్నియాపై గీత పడినవారికి మూడు రోజులపాటు, రోజుకు మూడుసార్లు యాంటీబయాటిక్ లేపనాన్ని వేశారు. గాయమైన పద్దెనిమిది గంటలలోపు వచ్చినవారిలో ఒక్కరికి కూడ పుండు పడలేదు. పదహారు కుట్లు వేసినా ఐదేండ్లు నిలుస్తుందో లేదో తెలియని చూపు, ఒక పగలు ఒక రాత్రి గడువక ముందే చేరుకొంటే కొద్దిపాటి మందుతోనే నిలుస్తుంది.

అందువల్ల కంటికి దెబ్బ తగిలినవాడు కన్ను నులుమరాదు. సొనగాని, సున్నంగాని, పురుగుమందుగాని పడితే తక్షణమే పరిశుభ్రమైన నీటితో చాలాసేపు కడగాలి. పసరు, నూనె, చనుబాలు, ఇతరుల చుక్కలమందు, ఏదీ వేయరాదు. ఆ రోజే కంటి పరీక్షకు వెళ్లాలి. అక్కడ ఫ్లోరెసీన్ అనే నారింజరంగు మందును కంటికి అంటించి, నీలికాంతిని ప్రసరింపజేస్తారు. పైపొర చెక్కుచెదరని చోట ఆ రంగు నిలువదు. గీచుకొన్న చోట మాత్రం నిలుస్తుంది. చీకటి గదిలో, పరికరం వెనుక కూర్చున్నవారికి, ఉదయం మామిడిపుల్ల గీచిన గీత సన్నని ఆకుపచ్చని వెలుగుగా కనిపిస్తుంది.

అభ్యాసం

1. ‘కార్నియా’ నిర్మాణాన్ని, దాని లోపలి కణాల పనిని పాఠం ఆధారంగా వివరించండి.
2. 1997లో ప్రకటించిన శస్త్రచికిత్స ఫలితాలు ఏమి తెలిపాయి? వాటిని దాచకుండా ప్రకటించడంపై మీ అభిప్రాయాన్ని వ్రాయండి.
3. ‘శస్త్రవైద్యుని చేయి ఎంత నిపుణమైనదైనా ఆ చేయి చేరలేని దూరం ఒకటి ఉన్నది’ – సందర్భాన్ని వివరించండి.
4. నేత్రదానం విషయంలో మీ ఊరిలో ఉన్న అపోహలను పెద్దలనడిగి తెలుసుకొని, ఒక పుటకు మించకుండా వ్రాయండి.